తొలి నాలుగు వారములు



నేను బుక్కరాయసముద్రవాసిని. చిన్ననాట గురువుగారి యొద్ద అమరమును, శబ్దములను, రఘువంశమును వల్లించి, పిమ్మట ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి గొన్నవాడను. అట్టివాడు గర్భస్థపిండమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోపవచ్చును. వైద్యము నా వృత్తి గాదు; జీవశాస్త్రము నా చదువు గాదు. అయినను ఒక పసికందు నాచేత ఈ చదువు చదివించినది. ఆ సంగతిని మొదట మనవి చేసెదను.

కొన్ని యేండ్ల క్రిందట మా చిన్నవానికి వివాహము చేసితిమి. కోడలు ఇంటికి వచ్చిన నెలనాళ్లకు మా వీధి ఆశ కార్యకర్త వచ్చి, "అయ్యవారూ, పిల్లలు కావాలనుకునే ఆడబిడ్డలు ఈ మాత్రలు ముందునుంచే మింగల్లంట" అని యొక అట్టను నా చేతికీయ బోయెను. నేను అరుగుమీద కూర్చుండి, "కడుపు పండకముందే మందేమిటమ్మా, అపశకునము! మూడవ నెల రానిమ్ము, అప్పుడు చూతము" అంటిని. ఆమె మాఱు పలుకక వెడలిపోయెను. కోడలు తలుపు చాటున నుండి విన్నది. మామగారి మాటకు ఎదురాడు పిల్ల గాదు.

మూడవ నెల వచ్చినది. మాత్రలును వచ్చినవి. సీమంతమును జరిగినది. పుట్టిన మగబిడ్డకు నడుము క్రింద వెన్ను మూతపడలేదు. నరములు పలుచని పొర క్రింద తిత్తివలె వెలికి ఉబికియుండెను. కాళ్లు కదలలేదు. ఆ శిశువు 11 దినములు జీవించి వెడలిపోయెను.

ఊరివారిలో కొందఱు గ్రహణము పట్టినదనిరి. కొందఱు దిష్టి యనిరి. కొందఱు కోడలి జాతకమును తప్పుపట్టిరి. ఆ పిల్ల నా యెదుటకు వచ్చి, "నేనేం తప్పు చేసినాను మామా?" అని యడిగినది. నాకు బదులు తోచలేదు. ఆ బదులు వెదకుటకే వైద్యులను అడిగితిని, తెలిసినవారిచే గ్రంథములు చదివించుకొని వింటిని. తేలిన దేమనగా, ఆమె తప్పు ఏమియు లేదు. ముందుగా మాత్రలు మింగియుండిన బిడ్డ నిశ్చయముగా దక్కెడిదని ఎవ్వరును చెప్పజాలరు. దక్కుటకు గల యొక దారిని నా నోటిమాట మూసినదని మాత్రము నేను చెప్పగలను. అందుచే నావంటి పెద్దలతో నాలుగు మాటలాడవలెనని వచ్చితిని.

మా యూరి చెఱువును మీలో పెక్కుమంది చూచియే యుందురు. విజయనగర ప్రభువైన బుక్కరాయల పేరిట వెలసినది. చెఱువునకు ప్రాణము నీరందుము. కాని కట్ట లేనిదే నీరు నిలువదు. కట్ట యుండి తూము లేకున్న పొలమునకు ప్రయోజనము లేదు. మరవ లేకున్న కట్టయే తెగును. తూము ఎప్పుడు తీయవలెనో, ఎప్పుడు మూయవలెనో నీరుగంటి యెఱిగియుండవలెను.

మన దేహమునందలి ప్రతి జీవకణమును ఇట్టి యొక చెఱువే. కంటికి కానరాని యంత చిన్నది. దాని చుట్టును నూనె స్వభావము గల మిక్కిలి పలుచని పొర యుండును. శాస్త్రజ్ఞులు దానిని త్వచమందురు. ఉప్పు, చక్కెర మొదలగునవి ఆ పొరను తమంత దాటజాలవు. అందుచే దానియందు మాంసకృత్తులతో నిర్మితములైన తూములు గలవు. కొన్ని తూములు తెఱచిన చాలును, మిట్టనుండి పల్లమునకు నీరు పాఱినట్లు పదార్థము తానే పాఱును. మఱికొన్ని మన పూర్వపు కపిలబావుల వంటివి. పల్లమునుండి మిట్టకు తోడవలసినవి. కపిలకు ఎద్దులు కావలెను, ఎద్దులకు మేత కావలెను. కణములోని కపిలకు మేత ఏ.టి.పి. అను పదార్థము.

ఈ పేరు వచ్చినపుడు మనము ఒక తెలుగువానిని స్మరింపవలెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు పోయిరి. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అను నాయనతో కూడి, కండరములలో ఈ ఏ.టి.పి. కలదని 1929లో వెల్లడించిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమాన్ అను నతడును వేఱుగా దీనిని కనుగొనెను. పిమ్మట 1957లో డెన్మార్కు దేశీయుడైన యెన్స్ స్కౌ, ఆ మేతను తిని పనిచేయు కపిలను కనిపెట్టెను. అది ఒక్కొక్క ఏ.టి.పి. ఖర్చునకు సోడియము అణువులను మూడింటిని కణము వెలుపలికి తోడి, పొటాసియము అణువులను రెండింటిని లోనికి తెచ్చును. ఇందులకు 1997లో స్కౌకు నోబెలు బహుమానము లభించెను.

ఈ కపిలకును పుట్టబోవు బిడ్డకును సంబంధ మేమని యడుగుదురేమో. వినుడు. తల్లి అండమును తండ్రి బీజమును కలిసి ఒక్క కణమగును. అది రెండు, నాలుగు, ఎనిమిదిగా విభక్తమగును. మూడవ దినమునకు ఇంచుమించు ఎనిమిది కణములు. అంతవఱకు కుప్పలోని గింజలవలె విడివిడిగా నున్న కణములు అప్పుడు ఒకదానినొకటి హత్తుకొనును. వెలుపలి వరుసలోనివి అంచులు బిగించుకొని కట్ట కట్టును. ఆ కణములు తమ కపిలలతో ఉప్పును పిండము నడిమికి తోడును. ఉప్పు చేరినచోటికి నీరు చేరును. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచిన నీరూరుట మన ఇండ్లలో ఎఱుగనిదెవరు? నీటికి ప్రత్యేకమైన తూములు కూడ పొరలో గలవు. వానిని కనుగొన్న పీటర్ ఆగ్రే 2003లో నోబెలు బహుమాన మందెను. ఈ విధముగా అయిదవ దినమునకు పిండము నీరు నిండిన బుడగ యగును. లోపల ఒక ప్రక్క అంటియున్న కొలది కణములనుండి శిశువు రూపొందును. వెలుపలి వరుస మావికి మూలము. చుంచెలుకల పిండములలో ఈ కపిలను ఒక మందుచే స్తంభింపజేసి చూచిరి. బుడగ సరిగా నిండలేదు.

గర్భోపనిషత్తు ఏడు రాత్రుల పిండమును బుద్బుదమని పేర్కొన్నది. బుద్బుదమనగా బుడగయే. ఈ పోలిక చూచి నేను మొదట ఉప్పొంగితిని. కాని ఆ బుడగలోనికి నీరెట్లు చేరెనో అందు చెప్పబడలేదు. అది ఓపికతో పరీక్షించి చూచినవారు తెలిసికొన్న విషయము. పెద్దల మాటను గౌరవింపవలెను. పరీక్షించినవారి మాటను వినవలెను. రెండింటికిని వైరము లేదు.

ఆరేడు దినములకు ఈ బుడగ గర్భాశయపు గోడకు అంటుకొన నారంభించును. అప్పుడది మొదటి పనిగా తల్లికి ఒక వార్త పంపును. పిండపు వెలుపలి వరుసనుండి యొక ద్రవ్యము తల్లి రక్తములో గలిసి అండాశయమునకు చేరి, గర్భాశయపు లోపలి మెత్తని పొర ఆ నెల రాలిపోకుండ కాపాడును. తల్లికి బహిష్టు తప్పుట ఇందువలననే. మందుల దుకాణములలో అమ్ము గర్భపరీక్ష పట్టీ మూత్రములో పట్టి చూపునది ఈ వార్తాద్రవ్యమునే.

కణములు ఒకదానితో నొకటి మాటలాడుట ఇట్టిదే. ఊరిలో దండోరా వేయువాడు తప్పెట కొట్టును. చెవి గలవాడు వినును. కణమునకు చెవులు దాని పొరమీద నుండును. వానిని గ్రాహకము లందురు. ఏ వార్తకు తగిన చెవి ఆ వార్తకు వేఱుగా నుండును. వార్త చెవిని తాకినంతనే లోపలి పదార్థములు ఒకదాని నొకటి తట్టి లేపుచు కణము నడిమివఱకు సమాచారమును చేర్చును. అక్కడ వంశలక్షణములు వ్రాయబడిన డి.ఎన్.ఏ. అను తాళపత్రము గలదు. అందు ఏ యాకు తెఱవవలెనో, ఏ యాకు మూయవలెనో ఆ వార్తనుబట్టి నిర్ణయమగును. అందువలననే ఒక్క కణమునుండి పుట్టినవైనను, కొన్ని ఎముకలుగను, కొన్ని నెత్తురుగను, కొన్ని నరములుగను మాఱుచున్నవి.

1924లో జర్మనీ దేశమున హన్స్ స్పీమన్, ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ ఒక చక్కని పరీక్షను ప్రకటించిరి. నీటిలో నివసించు బల్లివంటి జంతువు పిండమునుండి చిన్న తునకను తీసి, మఱియొక పిండము కడుపు వైపున అతికిరి. అక్కడ రెండవ వెన్నుతో రెండవ పిండము మొలచెను. అతికిన తునక ఇరుగుపొరుగు కణములకు వార్త పంపి, వానిచేత వెన్నును మెదడును కట్టించెనన్న మాట. మాంగోల్డ్ ఆ యేడే అగ్నిప్రమాదమున చిన్నవయస్సున మరణించినది. స్పీమన్‌కు 1935లో నోబెలు బహుమానము వచ్చెను.

మన పిండమునందును ఇట్లే జరుగును. మూడవ వారమున పిండము వీపుమీద పలకవంటి కణముల వరుస ఏర్పడును. దాని క్రింద పృష్ఠవంశమను సన్నని కడ్డీ యుండి దండోరా వేయును. ఆ వార్తాద్రవ్యమునకు పిల్లల ఆటలోని బొమ్మ పేరు తీసికొని సోనిక్ హెడ్జ్‌హాగ్ అని పేరిడిరి. చేరువనున్న కణములకు వార్త బిగ్గఱగా వినబడును, దూరమున నున్నవానికి మెల్లగా వినబడును. ఏది ఎంత బిగ్గఱగా విన్నదో దానినిబట్టి అది ఏ జాతి నరమగునో ఏర్పడును. ఇంతలో పలక నడుమ నాగటిచాలువలె లోతగును. ఇరుప్రక్కల గట్లు లేచి, వంగి, ఒకదానితో నొకటి కలిసికొనును. చాలు మూసికొని గొట్టమగును. గొట్టపు పైకొన మెదడు, తక్కినది వెన్నుపాము. 28వ దినము నాటికి క్రిందికొన కూడ మూతపడవలెను. పైకొన మూయకున్న పుఱ్ఱె యేర్పడదు. ఆ బిడ్డ బ్రదుకదు. క్రింద మూయకున్న వెన్ను చీలిక కలుగును. మా మనుమనికి తప్పినది ఆ క్రింది కుట్టే.

ఈ కుట్టు సాగవలెనన్న కణములు అతివేగముగా విభక్తము కావలెను. విభజన జరిగిన ప్రతిసారియు ఆ తాళపత్రమునకు కొత్త ప్రతి వ్రాయవలెను. ఆ వ్రాతకు అవసరమైనది ఫోలిక్ ఆమ్లమను విటమిను. మన దేహము దానిని తయారుచేసికొనజాలదు, ఆహారమునుండియే రావలెను. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒక విధమైన పాండురోగము ఈస్టు సారముచే కుదురుటను వెల్లడించినది. ఆ సారములో పనిచేసినది ఈ విటమినే. 1941లో పాలకూర జాతి ఆకులనుండి దీనిని వేఱుచేసి, లాటిను భాషలో ఆకునకు ఫోలియమని పేరు గనుక, ఫోలిక్ అని నామకరణము చేసిరి. దీనిని ప్రయోగశాలలో తయారుచేసిన దెవరు? మరల మన సుబ్బారావుగారే. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన బృందము 1945లో దానిని సాధించినది. ఆయన తోడబుట్టినవారిని సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధి చికిత్సకును ఈ ఫోలిక్ ఆమ్లమే పిమ్మట తోడ్పడినది. తాను 1948లో దివంగతులైరి. తన మందు పసిబిడ్డల వెన్నులను కాపాడగలదని ఆయనకు తెలియదు.

ఈ విటమిను సయితము కణము పొరను ఊరక దాటదు. దానికిని తూములు గలవు, పట్టి లోనికి చేర్చు గ్రాహకములు గలవు. ఒక ముఖ్యమైన ఫోలిక్ గ్రాహకము లేని చుంచెలుకలను పుట్టించి 1999లో పరీక్షించిరి. ఆ పిండములలో నాడీనాళిక మూతపడక అవి గర్భముననే నశించెను. తల్లి యెలుకలకు ఆ విటమినును సమృద్ధిగా ఇచ్చినపుడు పిల్లలు బ్రదికినవి. దీని భావమేమి? తూము ఇఱుకైనను చెఱువు నిండుగా నున్న పొలమునకు నీరందును. చెఱువు అడుగంటినపుడు మంచి తూమైనను ఎండిపోవును. ఏ తల్లి బిడ్డకు తూము ఇఱుకో మన కంటికి కానరాదు. చెఱువు నిండుగా నుంచుట మాత్రము మన చేతిలోని పని.

మనుష్యులయందును ఇది తేలినది. మునుపొకసారి ఇట్టి బిడ్డను కన్న తల్లులను చేర్చుకొని చేసిన పెద్ద పరీక్ష ఫలితములను 1991లో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి ప్రకటించినది. ముగిసిన 1195 గర్భములలో 27 మంది బిడ్డలకు ఈ లోపము కనబడినది. వారిలో ఫోలిక్ ఆమ్లము తీసికొన్న తల్లుల బిడ్డలు 6గురు మాత్రమే. తీసికొనని తల్లుల బిడ్డలు 21 మంది. నూటికి 72 వంతులు తగ్గినదన్న మాట. లోపము పూర్తిగా పోలేదు. దీనికి ఇతర కారణములును గలవు. కాని ఇంత చవుకైన మాత్ర ఇంత మేలు చేయుట మఱెక్కడ చూతుము?

ఇప్పుడు నా ప్రసంగములోని ముఖ్యమైన లెక్కకు వచ్చుచున్నాను. బహిష్టు మొదలైన దినమునుండి ఇంచుమించు రెండు వారములకు గర్భము నిలుచును. తరువాతి బహిష్టు తప్పునప్పటికి పిండము వయస్సు రెండు వారములు. అత్తకు చెప్పుటకు సిగ్గుపడి ఆ పిల్ల మఱి రెండు వారములు ఊరకున్నచో నాలుగు వారములు నిండును. వెన్ను కుట్టు ముగిసినది, ముగియకున్న ఇక ముగియదు. రెండవ నెలయు తప్పిన పిమ్మట ఆసుపత్రికి పోవునప్పటికి ఆరు వారములు. గర్భిణులకు నాలుగవ నెలనుండి ఇచ్చు ఇనుము కలిసిన మాత్రలు తల్లి నెత్తురునకు మిక్కిలి మేలు చేయును; వానిని తప్పక మింగవలెను. వెన్ను విషయమున మాత్రము అవి పైరు ఎండిన పిమ్మట తూము తీసినట్లగును. "మూడవ నెల రానిమ్ము" అన్న నా మాట ఎంత అజ్ఞానమో ఈ లెక్కయే చెప్పుచున్నది.

చెఱువు ఒక్క వానకు నిండదు. దేహములో ఈ విటమిను నిలువ చేరుటకును వారములు పట్టును. కావున బిడ్డను కోరు స్త్రీ గర్భమునకు రెండు మూడు నెలల ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును తీసికొనుచు, గర్భము నిలిచిన తరువాత మూడు నెలలు నిండువఱకు మానకుండవలెను. మునుపు ఇట్టి బిడ్డను కన్న తల్లికి దీనికి పదిరెట్లు, అనగా 4 మిల్లీగ్రాములు, కావలెను. అది వైద్యుని సలహాతోనే. మూర్ఛలకు వాడు కొన్ని మందులు ఈ లోపమును పెంచును. అట్టి మందు వాడు స్త్రీ దానిని తనంత మానరాదు. గర్భమునకు ముందే వైద్యుని కలిసికొనవలెను.

ఆహారమందురా? తోటకూర, పాలకూర, మునగాకు, పెసలు, అలసందలు, శనగలు, మన నేలలో పండు వేరుసెనగలు, వీనియందు ఈ విటమిను గలదు. కాని అది వేడికి చెడును, నీటిలో కరగును. ఆకును మితిమీరి ఉడికించి నీరు పాఱబోసిన సగము మేలు కాలువ పాలగును. అదియు గాక మన సీమలో కఱవు వచ్చినపుడు మొదట మాయమగునది ఆకుకూర. వాన రాని యేటను పెండ్లిండ్లు ఆగవు, బిడ్డలు పుట్టుట ఆగదు. కావున కూర కూరయే, మాత్ర మాత్రయే. ఒకటి యున్నదని రెండవది మానరాదు.

పెద్దలారా! ఇండ్లలో పెండ్లి ముహూర్తము మనము పెట్టింతుము. చీరెలు, నగలు, విందులు మనము నిర్ణయింతుము. ఆ పట్టికలో ఈ మాత్రల అట్టను కూడ చేర్పుడు. కొత్త కోడలు నోరు తెఱచి అడుగజాలదు. అత్తగారు ఇచ్చిన కాదనదు. బిడ్డ లోపముతో పుట్టినచో తల్లిని నిందింపకుడు. గ్రహణపు నీడ వెన్నును చీల్చదు. ఆ కుట్టు ముగియునప్పటికి తాను గర్భవతినని ఆమెకే నిశ్చయముగా తెలియదు. ఇక ఆమె చేసిన తప్పేమి?

నా కోడలి ప్రశ్నకు నేను ఈ బదులే చెప్పితిని. అరుగుమీద అన్న మాటను అరుగుమీదనే వెనుకకు తీసికొని, ఆ ఆశ కార్యకర్తను పిలిపించి క్షమాపణ వేడితిని. ఆమె, "పోనీలే అయ్యవారూ, ఇంక నలుగురికి చెప్పండి" అన్నది. మఱుసటి గర్భమునకు మూడు నెలల ముందునుండియే కోడలు వైద్యురాలు చెప్పిన మోతాదు ప్రకారము మాత్రలు తీసికొనెను. ఆడపిల్ల పుట్టినది. పుట్టినంతనే నేను చూచినది మొగము గాదు, వీపు. నున్నగా నున్నది. ఇప్పుడు ఆ పిల్ల బడికి పోవుచున్నది. సాయంకాలము నా వ్రేలు పట్టుకొని చెఱువుకట్టమీద నాకంటె ముందు నడచుచుండును.

ఆమె చెప్పుమన్న నలుగురికిని ఈ రాత్రి చెప్పితిని. మీరును మీ అరుగులమీద మఱి నలుగురికి చెప్పుదురుగాక. స్వస్తి.